వినడమూ నేర్పవలసిన విద్యే

జమ్మలమడుగు కుర్రవాడొకడు, ఇంజనీరింగు పూర్తిచేసినవాడు, ఆ మధ్య ప్రొద్దుటూరులోని మా ఇంటికి వచ్చాడు. ఆంగ్ల పత్రికను తడుముకోకుండా చదువుతాడు. తప్పుల్లేకుండా వ్రాస్తాడు. అయితే ఫోనులో జరిగిన ఇంటర్వ్యూలో తొలి ప్రశ్నే అర్థం కాలేదట. మళ్ళీ అడగమనడానికి సిగ్గుపడి, తోచిందేదో చెప్పాడు. ఉద్యోగం రాలేదు. "ప్రశ్న రాసి చూపించింటే చెప్పేవాణ్ణి సార్" అన్నాడు.

పులివెందులలో పాఠాలు చెప్పే మిత్రుడొకరు తన విద్యార్థుల సంగతీ ఇంతేనన్నారు. పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో ఆంగ్లం వ్రాతపరీక్షే. పరీక్షలో అడగనిదాన్ని నేర్పే తీరిక బడికి ఉండదు. ఇంజనీరింగులో భాషా ప్రయోగశాల ఉన్నా, అక్కడ తరచు జరిగేది రికార్డింగు వినిపించి ప్రశ్నలడగడం. నా దృష్టిలో అది పరీక్షించడమే గాని నేర్పడం కాదు. జాన్ ఫీల్డ్ 2008 నాటి తన గ్రంథంలో చేసిన వాదమూ ఇటువంటిదే. జవాబు తప్పితే మార్కు కోసి ఊరుకోక, చెవి ఎక్కడ పొరబడిందో గురువు వెదకాలి.

ఆ చెవి తెలిసిన పదాల దగ్గరే పొరబడుతున్నది. 'నాట్ ఎట్ ఆల్' అని మూడు పదాలుగా చదువుకున్నవాడికి 'నాటెటాల్' వినిపిస్తే అదేదో కొత్త పదమనిపిస్తుంది. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాయి. ఆంగ్లంలో ఊనిక ఉన్న అక్షరం నిలిచి, 'ఆఫ్', 'టు', 'అండ్' వంటివి నలిగిపోతాయి.

నిజానికి ఈ కిటుకు మన పిల్లలకు కొత్త కాదు. 'రాముడతడు' అనగానే 'రాముడు + అతడు' అని విడదీస్తారు. ఇంట్లో 'ఏం చేచ్చాండావు' అని విని, పుస్తకంలో 'ఏమి చేస్తున్నావు' అని చదివి, రెండూ ఒకటేనని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తారు. ఆంగ్లంలో పదాలు కలిసే తీరు వేరు. మన సంధిలో అచ్చు లోపిస్తే, అక్కడ చివరి హల్లు పక్క పదంలోని అచ్చును పట్టుకుంటుంది. విడదీసే అలవాటు మాత్రం రెంటికీ పనికొస్తుంది.

సినిమాలు చూస్తే చాలదా అంటారు కొందరు. బొమ్మ కథ చెబుతుంటే, కింద అక్షరాలు పరుగెడుతుంటే, చెవికి మిగిలే పని తక్కువ.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. రోజుకు పది నిమిషాలు కేటాయించండి. విషయమేమిటో ముందే చెప్పి, ఏ మాటలు రావచ్చునో ఊహింపజేయండి. ఒక్క వాక్యాన్ని మూడుసార్లు వినిపించి, విన్నది విన్నట్టు వ్రాయించండి. ఆపై అసలు వాక్యం చూపి, ఎక్కడ పదాలు కలిశాయో, ఎక్కడ నలిగాయో గీతలు గీయించండి. దీనికి చేతిలోని ఫోను చాలు. 'మరొక్కసారి చెప్పండి' అనడంలో చిన్నతనం లేదని కూడా నేర్పండి.

ఆ కుర్రవాడు నెల రోజులుగా నాతో ఇలా కూర్చుంటున్నాడు. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. మొన్న మాత్రం ఫోనులో ఎవరినో ప్రశ్న మళ్ళీ అడగమన్నాడు. గొంతులో బెదురు లేదు.