జేబుచాకు, ఉక్కు పేరు

పెన్సిలు చెక్కుటకు, పురికొస తెంచుటకు, మామిడికాయ ముక్కలు చేయుటకు, తపాలాలో వచ్చిన పుస్తకముల కట్ట విప్పుటకు ఒక మడతచాకు చాలును. ఇట్టి చిన్న వస్తువును కొనుట పూర్వము పెద్ద ఆలోచన కోరు పని కాదు. సంతలో పిడి పట్టి చూచి, పదును పరీక్షించి, బేరమాడి కొనుచుండిరి. నేడు కొనువాడు చాకును గాక దాని అలుగుపై చెక్కిన అక్షరములను చూచుచున్నాడు. డి2 అనియు, 14సి28ఎన్ అనియు, 8సిఆర్13ఎమ్ఓవి అనియు కనబడు ఆ సంకేతములు ఉక్కుల పేర్లు. పేరు గొప్పదైనకొలది వెల పెరుగును; వెల పెరిగినకొలది చాకు మంచిదను నమ్మకము బలపడును. ఈ నమ్మకము సగము మాత్రమే నిజము. తక్కిన సగమునకు మితమైన జీతముతో సంసారము నడపు ఉపాధ్యాయుడును, తలిదండ్రుల సొమ్ముతో చదువుకొను విద్యార్థియు వెల చెల్లింపనక్కరలేదు.

ఉక్కు పేరు తెలుపునది అందులోని పాళ్లను మాత్రమే. ఇనుముతో కర్బనము చేరినచో కాఠిన్యము వచ్చును. క్రోమియము తగినంత చేరినచో తుప్పు తగ్గును. డి2 అను ఉక్కునే చూడుడు. అందు నూటికి ఒకటిన్నర పాలు కర్బనము, పండ్రెండు పాళ్లు క్రోమియము ఉండును. దాని పదును చాలకాలము నిలుచును. కాని ఆ క్రోమియములో మంచి భాగము కర్బనముతో కూడి గట్టి రేణువులుగా మారుటచే తుప్పును ఆపుటకు మిగులునది తక్కువ. పదును పోయినపుడు దానిని ఇంటి సానరాయిపై నూరుట ఓర్పునకు పరీక్షయే. ఇక పేరు చెప్పని సంగతులు వేరే ఉన్నవి. ఆ ఉక్కును ఎంతవేడికి కాల్చిరి, ఎట్లు చల్లార్చిరి, మరల ఎంత వెచ్చచేసి పెళుసుదనమును తీసిరి, వాదర దగ్గర అలుగును ఎంత పలుచన చేసిరి అనునవే కోతను నిర్ణయించును. ఒకే పేరుగల ఉక్కుతో ఒకచోట మేలైన చాకును, మరియొకచోట పనికిరాని చాకును తయారగుట ఇందువలననే.

ఈ పాఠము తెలుగునేలకు దూరమైనది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కును పారశీక వర్తకులు స్వయముగా వచ్చి కొనిపోయెడివారు. హెన్రీ వాయ్సీ అను ఆంగ్లేయుడు ఆ పనిని చూచి వ్రాసిన వర్ణనము 1832లో అచ్చయినది. దక్షిణ భారతదేశపు ఈ మూస ఉక్కు ఐరోపాలో 'ఊట్జ్' అను పేర ప్రసిద్ధికెక్కినది. అది మన 'ఉక్కు' మాటకు వికృతరూపమని పలువురి అభిప్రాయము. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో దీనిని పరీక్షించెను. పిమ్మట లండనులో కత్తులు చేయు జేమ్సు స్టోడర్టుతో కలిసి దానివంటి ఉక్కును తయారుచేయ యత్నించెను. అల్యూమినియము మొదలైన వాని అంశమే దాని గుణమునకు కారణమని అంతటి శాస్త్రజ్ఞుడు తలచెను. ఆ తలంపు నిలువలేదు. అసలు రహస్యము మిక్కుటమైన కర్బనమునందును, నిదానముగా చల్లార్చుటయందును, తక్కువ వేడిలో ఓర్పుతో సాగగొట్టుటయందును ఉన్నది. తమ ఉక్కువలెనే దీనిని తెల్లగా కాలునంతవరకు కాల్చి సమ్మెటతో కొట్టిన ఐరోపా కమ్మరులకు అది ముక్కలై చేతికి వచ్చినది!

తక్కువ వెలలో మేలైన చాకునకు ఉదాహరణములు రెండు చాలును. ఫ్రాన్సులోని సవోయి సీమలో 1890లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన కొయ్యపిడి చాకు మొదటిది. 1897లో దానిని 1 మొదలు 12 వరకు పరిమాణములలో చేసిరి. 1955లో అలుగు చేతిపై మూతపడకుండ ఒక లోహపు కట్టు చేర్చిరి. ఎనిమిదవ సంఖ్య చాకు అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అలుగు పలుచన; అందుచేతనే అది వెలహెచ్చు దళసరి చాకులకంటె పండును చక్కగా కోయును. తడిసినచో పిడి ఉబ్బి అలుగు బిగిసికొనుట దాని లోపము. రెండవది స్విట్జర్లాండు చాకు. కార్ల్ ఎల్సెనర్ 1884లో ఈబాఖ్ గ్రామమున పనిశాల పెట్టి 1891లో సైన్యమునకు చాకులనందించెను. నేడు విక్టోరినాక్స్ పేర వచ్చు ఆ చాకుల ఉక్కు కాఠిన్యము రాక్‌వెల్ కొలతలో 56 ప్రాంతమున ఉండును. మెత్తని ఉక్కు అని దీనిని చులకన చేయువారు కలరు. పదును త్వరగా తగ్గుట నిజమే; కాని సామాన్యమైన రాయిపై కొద్ది నిమిషములలో తిరిగి వచ్చును. అరటిపండు కోయుటకు ఫిరంగి ఉక్కు ఎందులకో!

కనుక పేరునకు వెచ్చింపదలచిన సొమ్ములో కొంత మంచి సానరాయికి వెచ్చించుట మేలు. అంగడిలో అలుగును తెరచి అటునిటు కదల్చి చూడవలెను. ఊగిసలాడునది ఏ ఉక్కుదైనను వలదు. మూసినపుడు అలుగు పిడి నడుమ పడవలెను. చాకును బడికి తీసికొనిపోరాదని విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. విమానమున చేతిసంచిలో దానిని ఉంచనీయరు. ఇంగ్లండులో చదువు తెలుగు విద్యార్థులు మరియొకటి గుర్తుంచుకొనవలెను: తగిన కారణము లేక బహిరంగ స్థలములలో దగ్గర నుంచుకొనదగినది, మూడంగుళములకు మించని వాదర గలిగి, తెరచినపుడు బిగిసికొనని మడతచాకు మాత్రమే. పైన చెప్పిన కట్టుగల ఫ్రెంచి చాకు అక్కడ ఆ మినహాయింపులో చేరదు.

ఇక మిగిలినది తుప్పు మాట. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి సముద్రతీరములలో ఉండువారికి, చెమట ఎక్కువగా పట్టువారికి తుప్పుపట్టని ఉక్కే తగినది. అనంతపురము వంటి పొడిప్రదేశములవారు వట్టి కర్బనపు ఉక్కును నిస్సంశయముగా కొనవచ్చును. అది రాయికి సులభముగా లొంగును. నిమ్మకాయయో చింతకాయయో కోసినపుడు అట్టి అలుగు నల్లబడును. అందుకు భయపడనక్కరలేదు, వెంటనే కడిగి, తుడిచి, రెండు చుక్కల కొబ్బరినూనె రాసిన చాలును. ఎఱ్ఱని మచ్చ కనబడినప్పుడు మాత్రము ఆలస్యము చేయక రుద్ది తీసివేయవలెను.