గడ్డకట్టే రక్తము – గీత దాటరాని మూలికలు

బోరబండ వైద్యశాలలో నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "వార్ఫరిన్ మాని మీ కషాయం వాడవచ్చునా?" కూడదన్నదే నా సమాధానం.

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే ఈ వ్యాధిని 1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ విశదపరచాడు. దేహాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలే తిరగబడి రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తాయి. పిక్కలోని గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. మెదడు ధమనిలో ఏర్పడితే చిన్న వయసులోనే పక్షవాతం. మాయ దెబ్బతిని గర్భం నిలువదు. వరుసగా గర్భాలు పోయిన కోడలిని "ఒంట్లో వేడి" అని నిందించే పెద్దలకు నా మనవి: చూర్ణం కొనేముందు రక్తపరీక్ష చేయించండి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ ప్రతిరక్షకాలను వెదకి, కనబడితే 12 వారాల పిదప మరల చూడాలి. (మొదటిదాని పేరు వింత: పరీక్షనాళికలో గడ్డను ఆలస్యం చేస్తుంది, దేహంలో గడ్డకట్టిస్తుంది!) మనకు దూరం కాని పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగమున్నది.

చరక, సుశ్రుత సంహితలలో ఈ వ్యాధికి పేరు లేదు. వాతరక్తమని అంటగట్టి మందిచ్చేవారితో నేను ఏకీభవించను. గురుకులంలో మాకు మొదట నేర్పినది సాధ్యాసాధ్య విచక్షణ.

సిరలో గడ్డ కట్టినవారికి సాధారణంగా దీర్ఘకాలం వార్ఫరిన్ ఇచ్చి, ఐ.ఎన్.ఆర్. 2–3 మధ్య నిలుపుతారు. గోంగూర, తోటకూర, మునగాకులలోని విటమిన్ కె ఆ మందుకు విరోధి. ఆకుకూర మాననక్కరలేదు, ఒక వారం కుప్పలుగా తిని మరువారం మానడమే చేటు. పోపులోని వెల్లుల్లికి భయం లేదు గాని, వెల్లుల్లి, పసుపు, గుగ్గులు మాత్రలుగా మింగితే రక్తస్రావం పెరగవచ్చు. "సహజమైనది, ఏం చేస్తుంది?" అన్న మాట నాకు గిట్టదు. కరోనా కాలంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం వాచినట్లు 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు.

వార్ఫరిన్ పిండానికి హానికరం. గర్భం తలపెట్టినప్పుడే వైద్యునితో చెప్పాలి. హెపారిన్ సూదులు, స్వల్ప మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు.

మరి మా శాస్త్రం చేసేదేమిటి? మితాహారం, పొగాకు విసర్జన, గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చునేవారికి నడక. అంతవరకే. రక్తము పలుచబడే మందు వాడేవారికి జలగలు పెట్టించరాదు. కాలు హఠాత్తుగా వాచినపుడు తైలమర్దనం అసలే వద్దు. నూనెగిన్నె పక్కన పెట్టి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.