పాత లాప్‌టాపుకి లినక్సు వెయ్యచ్చా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ఎనిమిదో తరం కంటే పాతవైన ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు దాని జాబితాలోనే లేవు. ఇక్కడ హిద్‌లో మనవాళ్ళు చాలామంది కొత్త లాప్‌టాపు కొనుక్కుని, పాతది సెలవుల్లో ఊరికి తీసుకెళ్ళి అమ్మానాన్నలకి ఇస్తుంటారు. ఇప్పుడు దాన్నేం చెయ్యాలి?

"లినక్సు వేసెయ్యండి" అనడం మన వృత్తిలో ఉన్నవాళ్ళకి తేలిక. నా అభిప్రాయమూ ఇంచుమించు అదే, కాని ముందు వాడేవాళ్ళ పనేమిటో చూడాలి. వార్తలు, యూట్యూబు, మెయిలు, మనవలతో వీడియో కాల్ అయితే అంతా బ్రౌజరులోనే జరిగిపోతుంది. లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది. తెలుగు టైపింగుకి ఇన్‌స్క్రిప్టూ, ఆర్టీఎస్సూ రెండూ ఉన్నాయి. ట్యాలీలో లెక్కలు రాసేవారికి మాత్రం విండోసే మేలు.

అసలు చిక్కు వేరే ఉంది. విండోస్ మొరాయిస్తే వీధి చివరి షాపు కుర్రాడు బాగుచేస్తాడు. లినక్సు మొరాయిస్తే ఫోను మీకే వస్తుంది. అక్కడ ఉదయం 7 గంటలంటే ఇక్కడ 4.30! ఆ ఫోను విసుక్కోకుండా ఎత్తగలిగితేనే లినక్సు వెయ్యండి. ఇచ్చేముందు పెన్‌డ్రైవు నుంచి నడిపి వైఫై, కెమెరా, మైకు పనిచేస్తున్నాయో చూసుకోండి.

అంత ఓపిక లేదంటే కొత్త మెషీను కొనివ్వండి, తప్పులేదు. మద్దతు లేని విండోస్ మీద పెద్దవాళ్ళ చేత బ్యాంకు పనులు చేయించడం మాత్రం వద్దు.