ఉపశమన చికిత్సకు పద్దు ఏది?

మరణానికి చేరువైన రోగి బాధను తగ్గించడం దయాధర్మమనీ, దయకు వెల కట్టరాదనీ మన పెద్దలు తరచు అంటూ ఉంటారు. వినడానికి ఇంపైన మాటే. కాని ఇది ఎక్కువగా వినబడేది ఖజానా తాళపుచెవులు చేతనున్నవారి నోటనే. శస్త్రచికిత్సను ఎవరూ దయాధర్మమనరు. దానికి ధర ఉన్నది, పద్దు ఉన్నది, రసీదు ఉన్నది.

మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. ఉపశమన చికిత్సలో ఖర్చంతా మనుషులది: రోగి ఇంటికి వెళ్లి పుండు కడిగే నర్సు జీతం, ఆమె ఎక్కే బండికి పెట్రోలు, ఇంటివారితో గంటసేపు కూర్చుని మాట్లాడే వైద్యుని కాలం. మన లెక్కలకు కనబడనివి ఇవే. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యవ్యయం భరిస్తుంది. అయితే అది ఆస్పత్రిలో చేరినవానికే. ప్రైవేటు బీమా పత్రాలలో అధికభాగం కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండి తీరాలంటాయి. ఇంట, తనవారి మధ్య, నొప్పి లేకుండా కన్నుమూయగోరినవాడు ఈ లెక్కల ప్రకారం రోగియే కాడు. అతనినే తీసుకుపోయి వెంటిలేటరుకు తగిలిస్తే బిల్లు రోజురోజుకూ పెరుగుతుంది. ప్రైవేటు ఆస్పత్రి యజమానిని దుర్మార్గుడనడం సులభం. దేనికి డబ్బు వస్తుందో దానినే అతడు అమ్ముతున్నాడు. అడగవలసినది ధర నిర్ణయించినవారిని.

ఇక ప్రభుత్వం సంగతి. జాతీయ ఉపశమన చికిత్సా కార్యక్రమం 2012లో రూపొందినది. దానికి ప్రత్యేకమైన కేటాయింపు మాత్రం లేదు. జాతీయ ఆరోగ్య మిషన్ ఉమ్మడి నిధినుండి రాష్ట్రాలు అడిగి తెచ్చుకోవాలి. ఎసరు పెట్టి బియ్యం పోయని వంట ఇది.

కేరళను చూడుమంటారు. చూద్దాం. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాల ఆవరణలో మొదలైన పని మలప్పురం పల్లెలకు పాకి, ఊరివారి చందాలతో, స్వచ్ఛంద సేవకుల శ్రమతో పెరిగిన మాట నిజం. దానిని చూపి, జనమే చూసుకుంటారు గదా, ప్రభుత్వమెందుకనేవారు సగం కథే చదివినారు. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన చికిత్సకొక విధానాన్ని ప్రకటించినది. పంచాయతీలు తమ ప్రణాళికా నిధులనుండి ఇంటింటికీ వెళ్లే నర్సులకు జీతాలిచ్చినవి. చందాలు నేటికీ ఉన్నవి. కాని నెలనెలా జీతం చందాతో నడవదు.

2017 జాతీయ ఆరోగ్య విధానం ఉపశమన చికిత్సను ప్రాథమిక ఆరోగ్య సేవలలో చేర్చినది. చేర్చినవారు బడ్జెటులో దాని పేరిట ఒక పద్దు వేయాలి; నర్సు రోగి గడప తొక్కిన ప్రతి పర్యాయానికీ ప్రభుత్వ పథకమూ, ప్రైవేటు బీమా కూడ ధర చెల్లించాలి.