పద్దెనిమిది నిండని తల్లి తల్లి కాదా?

మన్యంలో ఆడపిల్లల గురించి ఏ సమావేశం పెట్టినా ఒక మాట వినబడుతుంది. "ఆదివాసీ పిల్లలు గట్టివాళ్లు, చిన్న వయసులో తల్లులైనా తట్టుకుంటారు" అని. మెచ్చుకోలులా ఉంటుంది గాని, చేయాల్సిన పని ఎగ్గొట్టేవాళ్ల మాట ఇది.

"మీ ఆచారమే అంత" అనే మాట ఇంకొకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. దేశం మొత్తమ్మీద అది 6.8 శాతం. ఈ రాష్ట్రంలో మనం నూటికి ఆరుగురం కూడా లేం. మరి ఆ లెక్కంతా మా కొండలదేనా? పల్లపు ఊళ్లలో పేదింటి పిల్లలకూ ఇదే గతి.

2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ, ప్రతి బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం, 6000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయం హక్కు అన్నది. ఆ సాయం కోసం 2017లో వచ్చిన మాతృ వందన పథకంలో మాత్రం కనీస వయసు నిబంధన ఉంది. తొలి కాన్పు, తిండి చాలని ఒళ్లు, చేతిలో పైసా లేదు. అందరికంటే అవసరమున్న పిల్లనే పక్కన పెట్టారు. సాయం ఇస్తే బాల్యవివాహాలు పెరుగుతాయట! ఐదారు వేల కోసం ఎవరూ కడుపు తెచ్చుకోరు. పద్దెనిమిది నిండనిదే ఉపాధి హామీ పనీ ఇవ్వరు. అంటే బిడ్డను పెంచాల్సిన తల్లికి సాయమూ లేదు, కూలీ లేదు.

ఆసుపత్రికి పోదామా అంటే భయం. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని గర్భిణి వస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. బలవంతం చేసినవాడికి శిక్ష పడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఇష్టపడి కలిసి బతుకుతున్న చోట ఇంటివాళ్లు కేసుకు భయపడి పిల్లను దాచేస్తున్నారు. నెలలు నిండేదాకా రక్త పరీక్ష లేదు, ఐరన్ మాత్ర లేదు. నొప్పులు మొదలయ్యాక డోలీ కడతారు.

ఇక తట్టుకోవడం ఎవరి ఆసరాతో? ఇంట్లో అమ్మమ్మ, పక్కింటి పిన్ని, ఊళ్లో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ అక్క. చోడి అంబలి కాచి పోసేది వీళ్లే, రాత్రి బిడ్డ ఏడిస్తే లేచేది వీళ్లే. ఆ అమ్మమ్మ పోడుకు పోకపోతే ఇంట్లో గింజ ఉండదు. పోతే బిడ్డను చూసేవాళ్లుండరు. పేదింటి ఆసరాకూ ఒక హద్దుంది.

బడి సంగతి పంతులుగా నాకు తెలుసు. పెళ్లయిందని తెలియగానే ఆశ్రమ పాఠశాలలో ఆ పిల్ల మంచం ఖాళీ అవుతుంది. మళ్లీ రమ్మని పిలిచేవాళ్లుండరు. ఆమెను తల్లిని చేసిన కుర్రాణ్ణి మాత్రం ఏ కాలేజీ వద్దనదు.

మన కులపెద్దలనూ అడగాలి. కట్నం మనకు లేదని, ఓలి ఇచ్చి కోడల్ని తెచ్చుకుంటామని గొప్పగా చెప్పుకుంటాం. పదహారేళ్ల పిల్ల కడుపుతో కట్టెల మోపు మోస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఏ ఆచారం?

చిన్న వయసు పెళ్లి ఆపాల్సిందే. దానికి దారి, పది తర్వాత చదువుకు దగ్గర్లో కాలేజీ, అందులో హాస్టలు. ఇప్పటికే తల్లయిన పిల్లకు శిక్ష వేస్తే ఆ పెళ్లి వెనక్కి పోదు. ప్రసూతి సాయానికి వయసు నిబంధన తీసేయాలి. బాలింత ఓపెన్ స్కూల్లో చదవడానికి ఫీజు కట్టాలి, పుస్తకాలివ్వాలి. అంగన్‌వాడీలో పసిబిడ్డను పగలంతా చూసుకునే మనిషిని పెట్టి, ఆమెకు జీతమివ్వాలి. వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానంగా రాయిద్దాం. సంతకాల్లో మొదటిది ఆ తల్లులదే కావాలి.