కుక్క గీత దాటింది.. ఫైలు కదల్లే!

ఒక కుక్క రోడ్డు దాటింది. నిమిషం పని. దాన్ని మళ్ల ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం యజమాని దొంగదారి వెతకవలసి వచ్చింది. మారియోస్ పిపెరిదెస్ 2018లో తీసిన సైప్రస్ సినిమా 'స్మగ్లింగ్ హెండ్రిక్స్' కథ ఇది. చూసి మేము కడుపుబ్బ నవ్వినం. తర్వాత ఆలోచనలో పడ్డం.

ఊరు సైప్రస్ రాజధాని నికోసియా. 1963 డిసెంబరులో గ్రీకు, తుర్కీ సైప్రస్ వాసుల నడుమ కొట్లాటలు చెలరేగితే ఒక బ్రిటిష్ సైనికాధికారి పటం మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీసిండు. 1974లో గ్రీసు సైనిక పాలకుల అండతో కుట్ర, ఆ వెంటనే తుర్కీ దండయాత్ర. గీత 180 కిలోమీటర్లు పాకి దీవిని రెండు చేసింది. నడుమ ఐక్యరాజ్యసమితి కాపలా. 2003 ఏప్రిల్‌లో గాని గేట్లు తెరువలేదు.

సినిమాలో యానిస్ అనే సంగీతకారుడి కుక్క జిమి ఉత్తరం దిక్కు ఉరికింది. దొరికింది. కానీ ఉత్తరం నుంచి ప్రాణమున్న జంతువును తేవడం యూరోపియన్ యూనియన్ నిబంధనకు విరుద్ధమట! ఇది ఇక్కడి కుక్కే అని మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఉత్తరాది సర్కారును తుర్కీ తప్ప ఏ దేశమూ గుర్తించలేదు. ఇగ దాని ముద్రను ఎవరు నమ్మాలె?

అసలు చురక వేరే ఉన్నది. సాయానికి వచ్చిన హసన్, యానిస్ కుటుంబం పోగొట్టుకున్న ఇంట్లోనే ఉంటున్నడు. తుర్కీ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆయనది. ఇల్లు పోయినోడిది నిజమైన గోస. ఆ ఇంటిని తప్ప మరో ఇల్లు ఎరుగనోడిదీ గోసే. ఈ ముడిని ఏ గుమాస్తా విప్పుతడు?

2004లో ఐక్యరాజ్యసమితి ప్రణాళిక మీద ఓటింగ్ జరిగింది. తుర్కీ సైప్రస్ వాసుల్లో 65 శాతం సరే అన్నరు, గ్రీకు సైప్రస్ వాసుల్లో 76 శాతం కాదన్నరు. సమస్య మళ్ల మొదటికి వచ్చింది.

మేము చెప్పేది ఒక్కటే. గేటు కాడ కూర్చున్న గుమాస్తా దుర్మార్గుడు కాదు. ఆయన చేతిలోని రూల్ కూడ విడిగా చూస్తే సబబే. నాయకులు తేల్చవలసిన దాన్ని తేల్చకుండ దశాబ్దాలు నానబెడితే, అది చివరికి కౌంటర్ మీదికి దరఖాస్తు ఫారమై వస్తది. అప్పుడు న్యాయం ఎవరిదని అడిగేటోడు ఉండడు, కాగితం ఉన్నదా అనే అడుగుతరు.

కుక్కకు గీత కనబడలేదు. మనిషికి గీత తప్ప మరేమీ కనబడలేదు. ఇద్దరిలో తెలివి ఎవరిదో పాఠకులే చెప్పాలె.