బిల్డు ఫైళ్ళలో సంకేతపదాల గుప్తీకరణ

సాఫ్టువేరును బిల్డు చేసే యంత్రానికి డేటాబేసు, సర్వర్ల సంకేతపదాలు అవసరమవుతాయి. కాన్ఫిగరేషన్ ఫైళ్ళలో వీటిని ఇతరులు చదవలేని రూపంలో ఉంచడాన్ని గుప్తీకరణ అంటారు. అయితే యంత్రం వాటిని మరల విప్పుకోవలసియున్నందున తాళంచెవి కూడా దానికి అందుబాటులో ఉండక తప్పదు. ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మం మీదనే పెట్టినట్లన్నమాట.

బిల్డు సేవలందించే అమెరికా సంస్థ సర్కిల్‌సీఐ ఉదంతం ఇందుకు నిదర్శనం. 2022 డిసెంబరులో ఒక ఇంజనీరు లాప్‌టాప్‌లో హానికర ప్రోగ్రామును చొప్పించి, దాని ద్వారా దుండగులు సంస్థ వ్యవస్థలలోనికి ప్రవేశించారు. ఖాతాదారుల రహస్యాలు గుప్తీకరించబడియే ఉన్నప్పటికీ, నడుస్తున్న ప్రాసెస్ నుండి తాళంచెవులను కూడా సంగ్రహించగలిగారు. ఫైలు మాత్రమే దొంగిలించబడినపుడు గుప్తీకరణ రక్షిస్తుంది. యంత్రమే పరుల వశమైనపుడు రక్షించదు. 2023 జనవరి 4న సంస్థ, తనవద్ద దాచిన రహస్యాలన్నిటినీ వెంటనే మార్చుకొనవలసినదిగా ఖాతాదారులను కోరింది.